పెరటి సేద్యము

ఎకరములో నూఱవ వంతైన సెంటు నేల 48 చదరపు గజములకు కొంచె మెక్కువ. అట్టి సెంట్లైదు పెరటిలో గల కుటుంబమునకు, తొలియేటనే ఆవును కొనితెచ్చి మేతకై వీథుల వెంట తిరుగుటకంటె, తొలకరికి గోంగూర, తోటకూర విత్తులు చల్లి, నూతినీరు పాఱు చోట బచ్చలిని ప్రాకించి, కంచెయోరను మునగకొమ్మ నొకటి పాతుట మేలు.

కోళ్ల విషయమున నొక చిక్కు కలదు. హైదరాబాదు రాజేంద్రనగరమందలి కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా పెట్ట, నాటుకోడికంటె హెచ్చుగా గ్రుడ్లు పెట్టును గాని పొదుగుటయందు శ్రద్ధ చూపదు. కావున నాటుపెట్ట నొకదానిని గూడ నుంచుకొని, పొదుగువేళ దాని క్రింద నా గ్రుడ్లను చేర్చినచో 21 దినములకు పిల్లలగును. పరుల బిడ్డలని యా తల్లి యెఱుగదు, ఎఱిగినను పట్టించుకొనదు. సందెవేళ వానిని గంపక్రింద మూయుట మఱచిన యింట, కోడికూర పిల్లిదే.