గాలపు కర్ర ఎందుకు వంగాలి?

బస్తర్‌లోని ఇంద్రావతి, శబరి నదుల ఒడ్డున గాలం వేసేవారికి అడవి వెదురే కర్ర. చేప చిక్కగానే ఆ కర్ర విల్లులా వంగిపోతుంది. విరుగుతుందేమోనని చూసేవారికి భయం వేస్తుంది. మరి వంగని లావుపాటి కర్ర వాడితే మేలు కాదా? కాదు. గాలపు కర్ర గొప్పతనమంతా ఆ వంపులోనే ఉంది.

నీటిలో ఉన్న చేప బరువు దారానికి అంతగా తెలియదు. చేప కడుపులోని గాలితిత్తి దాన్ని తేలికగా ఉంచుతుంది. దారాన్ని తెంచేది బరువు కాదు, కుదుపు. ఒక చిన్న లెక్క చూద్దాం. అర కిలో చేప సెకనుకు 1 మీటరు వేగంతో పారిపోతోందనుకోండి. దాని గతిజశక్తి 0.25 జౌళ్ళు. చేపను ఆపాలంటే అంత పని జరగాలి. పని అంటే బలాన్ని దూరంతో గుణించగా వచ్చేది. దారాన్ని చెట్టు మొదలుకు కట్టి, చేప 1 సెంటీమీటరులోనే ఆగిపోయేలా చేస్తే, దారంపై సగటున 25 న్యూటన్ల బలం పడుతుంది. ఇది రెండున్నర కిలోల బరువు వేలాడదీసినట్లే. కర్ర కొన వంగుతూ 50 సెంటీమీటర్ల దూరంలో ఆపితే అర న్యూటన్ చాలు! చేప ఈదుతూ లాగే బలం దీనికి అదనం.

కుదుపు తగ్గితే చేప మూతి కూడా చిరగదు. ఉత్తర అమెరికాలో క్రాపీ అనే చిన్న చేప ఉంది. దాని మూతి పొర కాగితంలా పల్చన. అందుకే అక్కడివారు దానికోసం మెత్తగా వంగే కర్రలనే ఎంచుకుంటారు. మన పరిగెలకైనా ఇదే సూత్రం.

కర్ర మందం సగమైతే అది 16 రెట్లు సులువుగా వంగుతుంది. మొదలు లావుగా, కొన సన్నగా ఉండే వెదురులో చిన్న చేపకు కొన మాత్రమే వంగుతుంది. పెద్ద చేపకు నడుము కూడా వంగుతుంది. బస్తర్ అడవుల్లో పెరిగే సాధన వెదురు దాదాపు గట్టి కర్రే. లోపల బోలు తక్కువ. వెదురు నారలు పైపొరలో దట్టంగా ఉంటాయి. వంగినప్పుడు ఎక్కువ ఒత్తిడి పడేదీ అక్కడే. కాబట్టి పైపొరను చెక్కకూడదు. కర్రను నీడన బాగా ఆరనివ్వాలి.

ఇక దారం. మందం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. కానీ లావు దారం చేపకు తేలిగ్గా కనబడుతుంది. నైలాన్ దారం ముడి వేసేటప్పుడు తడిపి బిగించాలి. లేకపోతే రాపిడి వేడికి ముడి దగ్గర బలం తగ్గుతుంది. ఎండలో ఎక్కువకాలం ఉన్నా నైలాన్ పెళుసెక్కుతుంది.

బెండు విషయంలో ఆర్కిమెడిస్ సూత్రం పనిచేస్తుంది. కొన మాత్రమే నీటిపైన కనబడేలా సీసపు గుండ్లు కట్టాలి. అప్పుడు చేప ఎరను కాస్త తాకినా బెండు మునుగుతుంది. బెండు పెద్దదైతే చేప దాన్ని ముంచడానికి ఎక్కువ బలంతో లాగాలి. అనుమానం వచ్చి ఎరను వదిలేస్తుంది.

కర్రకు తగ్గ దారం, దారానికి తగ్గ కొక్కెం, చేపకు తగ్గ బెండు ఉండాలి. ఈ పొంతన కుదరక దారం తెగితే నష్టపోయేది మనం మాత్రమే కాదు. చేప మూతిలో కొక్కెం మిగిలిపోతుంది. నైలాన్ తొందరగా కుళ్ళదు. ఏళ్ళ తరబడి నీటిలో ఉండి పక్షుల కాళ్ళకు, తాబేళ్ళకు చుట్టుకుంటుంది. అందుకే తెగిన దారం ముక్కలను ఒడ్డున వదలకుండా ఏరి తీసుకుపోవడం కూడా గాలం వేసేవారి పనిలో భాగమే.