మన ఊరి అంగన్‌వాడీకి కొత్త బిల్డింగు: చేజర్ల మండలం కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

చేజర్ల మండలంలోను, పక్కన ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఊళ్ళల్లోను ఆరేళ్ళ లోపు బిడ్డ, గర్భిణి, పాలిచ్చే తల్లి ఉన్న ప్రతి ఇంటి కోసం ఇది రాశాం. మీ అంగన్‌వాడీ ఇరుకు గదిలోనో, అద్దె ఇంట్లోనో నడుస్తుంటే కొత్త బిల్డింగు ఎట్లా వస్తుంది, డబ్బు ఎక్కడిది, మీ మాట ఎక్కడ చెల్లుతుంది అనేది ఇందులో చూడండి. ఫోన్లో చదవడం కష్టమైన అవ్వలకు, తాతలకు ఎవరైనా చదివి వినిపించండి. స్థలం సంగతి వాళ్ళకే ఎక్కువ తెలిసుంటుంది.

అన్నం పెట్టే చోటేనా?

చాలామంది అనే మాట ఇదే: "అక్కడేముంది సార్, గుడ్డు పెట్టి పంపిస్తారు." 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైనప్పుడే అందులో ఆరు సేవలు పెట్టారు. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్ద ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య, పోషకాహార విషయాలు చెప్పడం అయిదు. ఆరోది మూడు నుంచి ఆరేళ్ళ బిడ్డలకు పూర్వ ప్రాథమిక విద్య, అంటే ఆటపాటలతో చదువు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఉన్న అయిదేళ్ళనీ చదువుకు పునాదిగా లెక్కేసింది. దాని తర్వాత, 2023లో, అంగన్‌వాడీ టీచర్ల శిక్షణ కోసం "పోషణ్ భీ పఢాయీ భీ" కార్యక్రమం వచ్చింది. పోషణతో పాటు చదువు కూడా అని దానర్థం.

ఒక మాట ఒప్పుకోవాలి. ఒకే గదిలో పొయ్యి, బియ్యం మూటలు, బరువు తూచే మిషను, పాతిక మంది బిడ్డలు ఉంటే టీచరమ్మ ఎంత మంచిదైనా ఆటపాటలు నేర్పేదానికి చోటుండదు. అందుకే జనం అప్పు చేసైనా ఆటో ఎక్కించి టౌనులో ఎల్‌కేజీకి పంపుతున్నారు. బిల్డింగు గొడవ అక్కడ మొదలవుతుంది.

డబ్బు ఎక్కడి నుంచి?

పోషణ్ 2.0 కింద, ఉపాధి హామీతో కలిపి కట్టే అంగన్‌వాడీకి ఖర్చు లెక్క 12 లక్షల రూపాయలు. ముందు ఇది 7 లక్షలే ఉండేది. 12 లక్షల్లో 8 లక్షలు ఉపాధి హామీ నుంచి, 2 లక్షలు ఆర్థిక సంఘం నిధులో వేరే నిధులో, మిగిలిన 2 లక్షలు మహిళా శిశు సంక్షేమం తరఫున కేంద్రం, రాష్ట్రం కలిసి పెడతాయి. ఈ లెక్కలో తల్లిదండ్రుల వాటా అనేది ఎక్కడా లేదు. "బిల్డింగు శాంక్షన్ చేయించాలి, ఇంటికింత" అని ఎవరైనా అడిగితే ఇవ్వొద్దు.

ఉపాధి హామీ కింద జరిగే పనిలో కాంట్రాక్టరు ఉండకూడదు. జాబ్ కార్డు ఉన్నవాళ్ళు పనికి పోవచ్చు, కూలి వాళ్ళ ఖాతాలోనే పడాలి.

స్థలం: ఇక్కడే ఊరంతా కూర్చోవాలి

నా అనుభవంలో బిల్డింగులు ఆగిపోయేది డబ్బు లేక కాదు, ఎక్కువసార్లు స్థలం దగ్గరే. ఎవరో పెద్దమనిషి "నా స్థలం ఇస్తా" అంటాడు, అందరూ చప్పట్లు కొడతారు. పునాది పడ్డాక వాళ్ళ తమ్ముడొచ్చి "నా వాటా" అంటాడు. కాబట్టి దానమిచ్చిన స్థలమైతే రిజిస్ట్రేషన్ అయ్యాకే పని మొదలుపెట్టమనండి. నోటి మాట, తెల్ల కాగితం చాలవు. ప్రభుత్వ స్థలమైతే అది ఏ పోరంబోకో రెవెన్యూ వాళ్ళతో తేల్చించుకోండి.

రెండోది నీళ్ళు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఎండాకాలంలో చూసినప్పుడు బాగానే కనపడే చోటు, తుపాను వచ్చినప్పుడు మోకాటి లోతు కావచ్చు. ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో ఇంజినీరుకు తెలియదు, మీకు తెలుసు. చెరువు కట్ట కిందా, వాగు ఒడ్డునా, లారీలు తిరిగే రోడ్డు మలుపులోనా వద్దని గ్రామసభలోనే చెప్పండి.

మూడోది చెప్పేదానికి అందరూ మొహమాట పడతారు, అయినా రాస్తున్నాం. ఊరి నడుమ పెద్ద వీధిలో కడితే ఎస్సీ కాలనీ బిడ్డలు, యానాది కాలనీ బిడ్డలు వస్తారా? మూడేళ్ళ బిడ్డ ఒంటరిగా నడవలేడు. పొద్దున్నే కూలికి పోయే తల్లి అంత దూరం వదిలిపెట్టి రాలేదు. వచ్చినా మూలన కూర్చోబెడితే రెండో రోజు రాదు. ఎవరి బిడ్డలకు ఆ గుడ్డు, ఆ పాలు ఎక్కువ అవసరమో వాళ్ళే ఎగిరిపోతారు. అందుకని స్థలం తేల్చే రోజు ఆ కాలనీల తల్లులు గ్రామసభలో ఉండాలి. వాళ్ళు లేకుండా తీర్మానం రాస్తే ఆపి అడగండి.

దూరం మరీ ఎక్కువైతే వేరే దారి కూడా ఉంది. 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఆరేళ్ళ లోపు బిడ్డలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని ఆవాసం వాళ్ళు తమకు కేంద్రం కావాలని అడగవచ్చు. అడిగిన మూడు నెలల్లో ఇవ్వాలి. బిడ్డల పేర్లు, వయసులు రాసి, పెద్దల సంతకాలు, వేలిముద్రలతో అర్జీ పెట్టండి.

ప్లానులో ఏముండాలి?

కప్పు కింద స్థలం 600 చదరపు అడుగులకు తగ్గకూడదు. బిడ్డలు, తల్లులు కూర్చునే గది, వేరే వంటగది, సరుకులకు స్టోరు, చిన్న బిడ్డలకు తగిన మరుగుదొడ్డి, తాగునీళ్ళు, లోపలా బయటా ఆడుకునే చోటు ఉండాలి. మరుగుదొడ్డి ఉండి నీళ్ళు రాక తాళమేసిన కేంద్రాలు నేను చూశాను. అక్కడ బిడ్డలు వెనకాల ముళ్ళపొదల్లోకి పోతున్నారు. నీళ్ళ కనెక్షన్ ఏదో ముందే అడగండి. మన ఎండలకు గాలి ఎదురుబొదురుగా ఆడేట్టు కిటికీలు కావాలి. గేటు, ప్రహరీ లేకపోతే మేకలు, కుక్కలు, మోటారు సైకిళ్ళు.

కాంక్రీటుకు నీళ్ళు పట్టడం పక్క ఇంటివాళ్ళు కూడా గమనించవచ్చు. కనీసం వారం, ఎండలు ముదిరినప్పుడు పది రోజులకు పైనే తడి ఆరకుండా చూడాలి. ఆదివారం కదా అని ఆపేస్తే బిల్డింగుకు తెలియదు ఆదివారమని.

లెక్క ఎవరు చూస్తారు?

ప్రతి కేంద్రానికి పర్యవేక్షణ, సహకార కమిటీ ఉండాలి. వార్డు మెంబరు, వీలైతే మహిళా మెంబరు, దానికి పెద్ద. ఆశా కార్యకర్త, మహిళా సంఘం వాళ్ళు, తల్లిదండ్రులు సభ్యులు. అంగన్‌వాడీ టీచరు సమావేశం పిలవాలి. మీ కమిటీలో ఎవరున్నారో తెలియకపోతే టీచరునే అడగండి. పేర్లు రిజిస్టరులో మాత్రమే ఉండి మనుషులకు ఆ సంగతే తెలియకపోతే, కొత్తగా వెయ్యమనండి. ఉపాధి పని కాబట్టి సామాజిక తనిఖీ కూడా ఉంటుంది. ఆ రోజు మస్టరు, కొలతల పుస్తకం చదివించుకుని, పని చేయని పేర్లుంటే అక్కడే లేచి చెప్పవచ్చు.

ఇటలీలో రెజ్జో ఎమీలియా పక్కన విల్లా చెల్లా అనే పల్లె ఉంది. 1945లో యుద్ధం అయిపోగానే, పారిపోయిన జర్మన్ సైన్యం వదిలిన ట్యాంకు, లారీలు, గుర్రాలు అమ్మి ఆ ఊరి తల్లిదండ్రులు చిన్న బిడ్డల బడి కట్టుకున్నారు. ఇటుకలు కూలిన ఇళ్ళవి, ఇసుక వాగుది. ఆ ప్రాంతం బడులను చూసేదానికి ఇప్పుడు ప్రపంచమంతా పోతోంది. మనం ట్యాంకు అమ్మాల్సిన పని లేదు, డబ్బు ప్రభుత్వమే ఇస్తోంది. కాని కట్టేటప్పుడు చూసిన కళ్ళే తర్వాత కూడా ఆ బడిని చూసుకుంటాయి.

తెరిచాక

నెలలో జరిగే సామూహిక కార్యక్రమాలకు నాన్నలు కూడా రండి. సీమంతం, అన్నప్రాశన ఆడవాళ్ళ పనే అనుకోవద్దు. కథలు తెలిసిన అవ్వలు వారంలో ఒక పూట వచ్చి కూర్చుంటే టీచరుకు కొండంత సాయం. పెరట్లో మునగ, కరివేపాకు, ఆకుకూరలు వెయ్యండి, వంటగది నీళ్ళు అటు మళ్ళించండి. రెండు మూడు రోజులు రాని బిడ్డ ఉంటే పక్కింటివాళ్ళే పిలుచుకు రండి.

ఏదైనా ఆగిపోతే ముందు అంగన్‌వాడీ సూపర్‌వైజరును, తర్వాత సీడీపీఓను, అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజున కలవండి. అర్జీ రెండు కాపీలు రాసి, మీ కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకుని దాచుకోండి.