సంచి కొనుట, సంచి వాడుట

కొన్ని దశాబ్దములకు పూర్వము, నేటి పెద్దపల్లి జిల్లాలోని సుల్తానాబాదు బజారునకు పోవు గృహస్థుని చేతిలో సంచి ఉండెడిది. అది పాత ధోవతితోనో, చినిగిన చీరతోనో ఇంట కుట్టినది. నూనెకు సీసా ఇంటినుండియే పోయెడిది. పెండ్లి పంక్తిలో మోదుగాకు విస్తరి వేసెడివారు. భోజనానంతరము అది పెంటకుప్పలో చేరి ఎరువయ్యెడిది. ఇదంతయు ప్రకృతిని కాపాడవలెనను సంకల్పముతో చేసినది కాదు. ఉన్న వస్తువును తుదివరకు వాడుకొనుట ఆనాటి పొదుపు.

నేడు వట్టి చేతులతో పోయి నిండు చేతులతో వచ్చుట అలవాటైనది. సంచి దుకాణదారుడే ఇచ్చును. ఇయ్యనిచో బేరము ప్రక్క దుకాణమునకు పోవునని అతని భయము. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగువానిని ప్రభుత్వము 2022 జులై 1 నుండి దేశమంతట నిషేధించినది. అదే సంవత్సరము డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటె పలుచని ప్లాస్టిక్ సంచులును నిషిద్ధములైనవి. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు.

పలుచని సంచికి మారుగా, బట్టవలె మెత్తగా ఉండు రంగురంగుల సంచులను దుకాణములలో మీరును చూచియుందురు. వానిలో పెక్కు పాలీప్రొపిలీన్ అను ప్లాస్టిక్ పోగులను వేడితో అతికించి చేసినవే. సంచిని వెలుతురున పట్టి చూడుడు: నేసిన బట్టయైనచో పడుగు, పేక కనిపించును, వీనిలో కనిపించవు. కాగితపు టీ గ్లాసు లోపలను సాధారణముగా పలుచని ప్లాస్టిక్ పొర ఉండును.

మరి నిజమైన నూలుసంచి కొన్నచో దోషము తీరునా? వెంటనే తీరదు. నూలుకు మూలమైన ప్రత్తి మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల నల్లరేగడిలో పండు పంటయే. దానికెంత నీరు, ఎరువు, పురుగుమందు కావలెనో రైతు ఎరుగును. వడకుటకు, నేయుటకు విద్యుచ్ఛక్తి వేరు. వాతావరణమునకు కలుగు హానిని మాత్రమే లెక్కించినచో, ఒక్కసారి వాడు ప్లాస్టిక్ సంచికంటె నూలుసంచి మేలనిపించుకొనుటకు దానిని 50 నుండి 150 సార్లు వాడవలెనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2020లో తెలిపినది. వారమునకొకసారి బజారునకు పోవు ఇంట అది ఒకటి మొదలు మూడేండ్ల వాడుక. సంచి మరచిపోయి ప్రతిసారి క్రొత్తది కొనువారి ఇంట ఏ సంచి ఋణమును తీరదు.

పశువు కడుపున చేరు ప్లాస్టిక్, మురుగుకాలువ నడ్డగించు ప్లాస్టిక్ ఈ లెక్కలో చేరలేదు. కావున నూలుసంచి వద్దని దీని అర్థము కాదు. ఒకటి రెండు చాలునని అర్థము.

‘పర్యావరణ హితము’ అను ముద్రగల వస్తువు కంటబడినపుడు, ఇది మంచిదేనా అని అడుగుటకు ముందు, ఈ పని చేయునది మన ఇంట లేదా అని అడుగవలెను. లేనిచో కొనవలెను; కొన్నదానిని చినుగువరకు వాడవలెను; చినిగినచో కుట్టవలెను. సంచిని పెట్టెలో దాచక, వాకిలి ప్రక్క మేకునకు తగిలించినచో మరపు చాలవరకు తగ్గును.