ఫోటోగ్రాఫర్‌కి సొంత వెబ్‌సైట్: ఫోటోలు బాగుంటే చాలదు, ఫోన్‌లో త్వరగా ఓపెన్ అవ్వాలి!

పెళ్లిళ్లు, బేబీ షూట్లు చేసే ఫ్రెండ్ మీకూ ఒకరు ఉండే ఉంటారు. వర్క్ అంతా ఇన్‌స్టాగ్రామ్‌లోనే పెడతారు. మరి వెబ్‌సైట్ ఎందుకు అంటారా? ఇన్‌స్టా అకౌంట్ ఏదో ఒక రోజు లాక్ అయితే పోర్ట్‌ఫోలియో మొత్తం దాంతోపాటే పోతుంది. సొంత డొమైన్ ఉంటే ఆ భయం తక్కువ.

అయితే ఇలాంటి సైట్లని ముంచేది ఫోటోలే! 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో అంటే సుమారు 6000×4000 పిక్సెల్స్, జేపెగ్ ఫైల్ 10 ఎంబీ దాకా ఉంటుంది. అలాంటివి 30 ఉన్నవి ఉన్నట్టే ఎక్కిస్తే పేజీ 300 ఎంబీ. రోజుకి 1.5 జీబీ ప్యాక్ వాడే కస్టమర్‌కి అందులో ఐదో వంతు గోవిందా. అసలు అంతసేపు ఎవరాగుతారు? పెళ్లికూతురు ముఖం సగం లోడ్ అయ్యేలోపే బ్యాక్ కొట్టేస్తారు.

చాలా ఫోన్ల స్క్రీన్ వెడల్పు 1080 పిక్సెల్సే. కాబట్టి లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లాంగ్ ఎడ్జ్ 2048, క్వాలిటీ 75 దగ్గర పెట్టండి. చాలా ఫోటోలు 1 ఎంబీ లోపే వచ్చేస్తాయి, ఫోన్‌లో తేడా కనిపెట్టడం కష్టం. ఇంకా తగ్గించాలంటే గూగుల్ వాళ్ల ఫ్రీ టూల్ స్కూష్‌లో వెబ్‌పీకి మార్చుకోవచ్చు. కింద ఉన్న ఫోటోలకి లేజీ లోడింగ్ పెట్టండి. మొదటి ఫోటోకి మాత్రం వద్దు, అదే లేటుగా వస్తుంది!

అదే ఎక్స్‌పోర్ట్ విండోలో లొకేషన్ ఇన్ఫో తీసేసే ఆప్షన్ ఉంటుంది. టిక్ చేయడం మర్చిపోవద్దు. ఫోన్‌తో తీసిన ఫోటోల్లో సాధారణంగా జీపీఎస్ వివరాలు కూడా ఉంటాయి. ఇంట్లో తీసిన బేబీ షూట్ అలాగే ఎక్కిస్తే ఆ ఇంటి అడ్రస్ నెట్‌లో పెట్టినట్టే. తల్లిదండ్రుల పర్మిషన్ ఎలాగూ తీసుకోవాలి.

ఇక సెర్చ్ సంగతి. ఫోటోలో గోదావరి గట్టు కనిపిస్తున్నా అది రాజమండ్రి అని గూగుల్‌కి మీరే చెప్పాలి. డీఎస్‌సీ 4512 లాంటి ఫైల్ పేరు మార్చి, ఆల్ట్ టెక్స్ట్‌లో ఒక వాక్యం రాయండి. పేజీ టైటిల్‌లో ఊరి పేరు ఉండాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఫ్రీనే, సైట్ లింక్ అందులో ఇవ్వండి. కాంటాక్ట్ ఫామ్ కన్నా మన దగ్గర వాట్సాప్ బటనే బెటర్. ప్యాకేజీ ఎంత నుంచి మొదలవుతుందో కూడా రాసేయండి, దాచిపెడితే వచ్చేవి టైంపాస్ ఎంక్వైరీలే.

అంతా అయ్యాక పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ స్కోర్ చూడండి. తర్వాత ఇంట్లో ఉన్న పాత ఫోన్ తీసి, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మీ సైట్ ఓపెన్ చేయండి.