గ్లైడర్ లాగ్ బుక్: కర్పూరపు మసి నుంచి కంప్యూటర్ దాకా

షిఫ్టులో పనిచేసిన వారెవరికీ లాగ్ షీటు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఎనిమిది గంటల రీడింగులనూ షిఫ్టు చివర ఒకే సిరాతో, ఒకే ఊపులో నింపేసిన షీట్లను నేను చూశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అటువంటిదొకటి స్వయంగా నింపాను కూడా. అందువల్లనే కాబోలు, గ్లైడర్ పైలట్లు వాడే ఎలక్ట్రానిక్ లాగ్ బుక్ నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది.

సాధారణ గ్లైడర్‌కు ఇంజను ఉండదు. నేల మీది వించ్ తాడుతో గానీ, మరొక విమానం లాగుతుండగా గానీ పైకి లేచి, ఆపై తాడు విడిచి, పైకెగసే గాలిని ఆసరాగా చేసుకొని గంటల తరబడి విహరిస్తుంది. అలా విహరించినట్లు రుజువేమిటి? వెండి బ్యాడ్జీకి 50 కిలోమీటర్ల దూరం, 1000 మీటర్ల ఎత్తు పెరుగుదల, 5 గంటల ప్రయాణం చూపాలి. పూర్వం ఇందుకు బారోగ్రాఫ్ ఉండేది. గడియారపు యంత్రంతో తిరిగే డ్రమ్ముకు అల్యూమినియం రేకు చుట్టి, కర్పూరం వెలిగించి దానికి మసి పట్టించేవారు. గాలి పీడనం మారిన కొద్దీ సూది ఆ మసిపై గీత గీసేది. మన ఇళ్లలో కాటుక పట్టే పద్ధతి గుర్తుకు రావడం లేదూ!

1990ల మధ్యలో ఆ స్థానాన్ని జి.పి.ఎస్. రికార్డరు ఆక్రమించింది. అంతర్జాతీయ వైమానిక సమాఖ్యకు చెందిన గ్లైడింగ్ కమిషన్ నిర్దేశించిన ఐ.జి.సి. ఫైలులో కొన్ని సెకన్లకొక వరుస చేరుతుంది. అందులో సమయం, అక్షాంశం, రేఖాంశం, పీడనాన్ని బట్టి ఎత్తు, ఉపగ్రహాలను బట్టి ఎత్తు, వెరసి కనీసం 35 అక్షరాలు ఉంటాయి. చివర డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక్క అంకె మార్చినా ఆ సంతకం సరిపోదు.

లాగ్ బుక్ సాఫ్ట్‌వేర్ ఈ ఫైలును చదివి, ఎప్పుడు లేచినదీ, ఎప్పుడు దిగినదీ తానే రాసుకుంటుంది. వినడానికి సులువే. వేగం సున్నాకు చేరితే దిగినట్లే కదా అనిపిస్తుంది. కానీ పర్వతాల చాటున లేచే గాలి తరంగాలలో ఎదురుగాలి వేగం గ్లైడర్ వేగంతో సమానమైతే, అది వేల మీటర్ల ఎత్తున, నేలతో పోల్చినప్పుడు కదలకుండా నిలిచి ఉంటుంది. కనుక ఎత్తును కూడా చూడక తప్పదు. తేదీ మరొక చిక్కు. ఫైలులో ఉండేది ప్రపంచ ప్రామాణిక సమయం. న్యూజీలాండ్‌లో ఉదయం ఎగిరితే ముందు రోజు తేదీ పడుతుంది!

ఇవన్నీ ప్రోగ్రామరు దిద్దగల లోపాలు. అసలు సంగతి వేరు. ఐరోపా నిబంధనల ప్రకారం పైలట్ సాధారణంగా గడచిన 24 నెలల్లో కనీసం 5 గంటలు, 15 సార్లు ఎగిరి ఉండాలి. శిక్షకునితో రెండు శిక్షణా ప్రయాణాలు చేయాలి. వించ్ పద్ధతిలో గానీ, విమానం లాగే పద్ధతిలో గానీ ఎగరాలంటే ఆ పద్ధతిలోనే కనీసం 5 సార్లు ఎగిరి ఉండాలి. ఇది కాగితాల కోసం పెట్టిన నియమం కాదు. వించ్ తాడు తెగితే నిటారుగా లేస్తున్న గ్లైడర్ ముక్కును తక్షణం కిందికి దించాలి. ఆలోచించే వ్యవధి ఉండదు, చేతికి అలవాటు ఉండాలి. పాత పుస్తకంలో పుటలు తిరగేసి లెక్క కట్టే ఓపిక ఎందరికి ఉంటుంది? సాఫ్ట్‌వేర్ అయితే, "వించ్: 4" అని ఉదయాన్నే చూపి పైలట్‌ను ఆపగలదు.

అయితే ఆ నాలుగు నిజమైన నాలుగేనా? నిటారుగా, క్షణాల్లో లేచిన గీతను బట్టి అది వించ్ అని యంత్రం ఊహించవచ్చు. కానీ వెనుక సీటులో కూర్చున్నది శిక్షకుడో, స్నేహితుడో, కర్ర ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. ఆ గడులు మనిషే నింపాలి, అదీ ఆ సాయంత్రమే. సౌకర్యం పేరుతో ప్రోగ్రాము వాటిని కిందటిసారి సమాధానంతో ముందే నింపి చూపితే, అలసిన పైలట్ మీట నొక్కి ఇంటికి వెళ్లిపోతాడు. నా పాత లాగ్ షీటు కథే మళ్లీ మొదలవుతుంది. నా మటుకు, ఆ రెండు గడులనూ ఖాళీగానే చూపమని ప్రోగ్రామరుకు చెబుతాను.