ఉల్లి మొలకను ఆపు కిరణములు

నిలువయుంచిన ఉల్లిగడ్డ వానలు పడగానే మొలకెత్తి, మెత్తబడి, అంగడిలో వెల పోగొట్టుకొనుట రైతులెల్లరు ఎరిగినదే. దీనికి ఉపాయముగా మహారాష్ట్రమున నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో భాభా అణు పరిశోధన కేంద్రమువారు 2002వ సంవత్సరమున ఒక కర్మశాలను నెలకొల్పిరి. అచట కోబాల్టు-60 నుండి వెలువడు గామా కిరణములను గడ్డలపై ప్రసరింపజేయుదురు. అట్టి గడ్డ విషము కాదా యని మన సభ్యులు కొందరు అడుగుచున్నారు. అడుగవలసిన ప్రశ్నయే.

ఒక గడ్డను నిలువుగా కోసి చూడుడు. పొరలన్నియు ఆహారమును దాచుకొన్న కణములు. అవి పెరుగుట ముగించినవి. నడుమ, వేళ్లు పుట్టు చోటికి కొంచెము పైగా, చిన్న మొగ్గ కానవచ్చును. మొలకకు మూలమిదియే. ఇందలి కణములు ఒకటి రెండుగ, రెండు నాలుగుగ చీలి వృద్ధిపొందును.

కిరణము కణములోని నీటిని తాకగా ఆ నీటి అణువులు విరిగి, మిక్కిలి చురుకైన తునకలగును. ఇవియు, కిరణము తానును, వంశలక్షణములను మోయు డీఎన్ఏ యను జంట పోగును తెంచును. ఒక పోగు తెగినచో రెండవదానిని చూచి కణము తనంతట అతుకుకొనును. రెండును ఒకేచోట తెగినచో అతుకు తప్పిపోవచ్చును. చీలని కణమునకు ఈ లోపము అంతగా బాధింపదు. చీలబోవు కణము తన సొత్తును సరిగా పంచుకొనలేక నశించును. వేగముగా చీలు కణములే ఎక్కువ దెబ్బతినునని బెర్గోనియే, ట్రిబోండో అను ఫ్రెంచి పండితులు 1906లోనే చెప్పిరి. పుట్టకురుపునకు కిరణచికిత్స చేయుటయు ఈ ఆధారముననే.

ఉల్లికి 60 మొదలు 90 గ్రేల మోతాదు చాలును. మనుష్యుని దేహమంతటిపై ఒక్కమారుగా 4 గ్రేలు పడి, చికిత్స లేనిచో, బ్రదుకుట సందేహమే! అయినను గడ్డపొరలు చెక్కుచెదరవు. మొగ్గ మాత్రము చచ్చి, కొంత నల్లబడును. కోబాల్టు గొట్టములలో బిగింపబడియుండును గనుక గడ్డకు అంటదు. దాని కిరణములకు గడ్డను అణుధార్మికముగా మార్చు శక్తియు లేదు. కావున తినుటకు భయము లేదు.

అయితే ఇది మొలకను ఆపునే కాని కుళ్లును ఆపదు. కర్నూలు ప్రాంతపు వానకాలపు ఉల్లికి తేమ ఎక్కువ, కుళ్లే ప్రధాన శత్రువు. దానికై ఇంత వ్యయము పెట్టుట నా మతమున తగదు. బాగుగా ఆరిన వేసవి గడ్డకే ఇది ప్రయోజనకారి. అదియు కోసిన కొలది వారములలో, మొగ్గ కదలకమునుపే చేయింపవలెను. విత్తనము కొరకు నాటదలచిన గడ్డలను ముందుగనే వేరుచేసి ఇంట నుంచుకొనుడు; కిరణములు సోకిన గడ్డ మరల మొలవదు.