మన పనియు, మన నిర్ణయమును



మొన్నటి శుక్రవారము మధ్యాహ్నము మా పొరుగింటి పిల్ల యొకతె మాయొద్దకు వచ్చి, గడపమీదనే కూర్చుండి, "అత్తమ్మా, మనసుకు నచ్చిన పని యని యొకటి నిజముగా నుండునా? లేక యది చదువుకొన్నవారు చెప్పుకొను మాట మాత్రమేనా?" యని యడిగినది. ఆ పిల్ల ఇంటరు ప్యాసైనది. నర్సు చదువు చదువవలెనని కోరిక. తల్లి బీడీలు చుట్టి యిల్లు గడుపుచున్నది. ఆమె మాట వేఱు: "నావలెనే బీడీకార్డు సంపాదించుకొనుము, కార్డున్న పిల్లకు సంబంధము తొందరగా కుదురును." మేమప్పటికప్పుడు బదులు చెప్పలేకపోతిమి.

ఆ తల్లిని తప్పుపట్టుట మాకిష్టము లేదు. నిజామాబాదు వాడలలో చేట యొడిలో బెట్టుకొని, తడిపిన తునికాకును గత్తిరించి, తంబాకు నించి, దారము చుట్టి, వేల లెక్కను బీడీల నప్పగించు చేతులెన్నియో పిల్లలను బడికి బంపినవి. 1966వ సంవత్సరపు చట్టము, ఇంటియందు గూర్చుండి చుట్టు స్త్రీని గూడ కార్మికురాలిగా నెంచినది. ఇది చిన్న మేలు గాదు. అయినను మాకు దోచు లోపమొకటి కలదు. పదునెనిమిదవయేట వేయి చుట్టిన యామె నలువదియైదవయేటను వేయియే చుట్టును. వయస్సు పెరుగును, మెడనొప్పి పెరుగును, దగ్గు పెరుగును. పని మాత్రము పెరుగదు.

ఇక మగవారి జీతమే చాలునన్న మాట. దీనిని బోధనువారి యెదుట నెవరును గట్టిగా బలుకలేరు. మంజీరపై నిజాంసాగరము 1931లో ముగిసిన పిమ్మట ఆ నీటిని నమ్ముకొని చెఱకు పెరిగినది. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కర్మాగారము ఆసియాలోనే పెద్దదని పేరొందినది. దాని చుట్టు శక్కరునగరము వెలసినది. తాతలు, తండ్రులు, కొడుకులు అదే ద్వారమున పనికి బోయిరి. 2015 డిసెంబరులో నది మూతపడినది. చెఱకుతోటలు చాలవఱకు వరిమళ్లైనవి. మాకెఱిగిన యొక యిల్లాలు, భర్త జీతము నిలిచిన నాడు, ఎన్నడో పుట్టింట నేర్చిన కుట్టుపనిని బయటికి దీసి, పెండ్లి రవికలు కుట్టి యిద్దఱు పిల్లలను జదివించినది. "ముందే మొదలుపెట్టియున్నచో నీపాటికి దుకాణ ముండెడిది" అని యామె నవ్వుచు జెప్పును. ఆ నవ్వు మాకు మఱపు రాదు.

ఈ విచారము మన యూరికి గ్రొత్తది గాదు. 1937లో నిక్కడనే ఆంధ్రమహాసభ జరిగినప్పుడు దానితోడి మహిళాసభకు నందగిరి ఇందిరాదేవిగారు అధ్యక్షత వహించిరి. స్త్రీలకు వేఱొక వేదిక యుండుటయే యా దినములలో సామాన్యము గాదు.

ఈ కాలపు నిదర్శనము గావలెనన్న, మన నిజామాబాదు ఆడుబిడ్డ నిఖత్ జరీనును జూడుడు. మొదట పరుగుపందెములు నేర్చిన యీ బాలిక, ఆడుపిల్లలు కానరాని ముష్టియుద్ధమునకు మరలినది. 2011లో టర్కీదేశమున బాలికల పోటీలలో ప్రపంచ విజేతయైనది. 2017లో భుజమునకు గాయమైనది. 2019లో, సుప్రసిద్ధురాలగు మేరీ కోముతో దనకు నెంపికపోటీ పెట్టవలెనని బహిరంగముగా నడిగినది, డిసెంబరులో పోటీ జరిగినది, ఓడినది. మేము మెచ్చునది యా యడుగుటనే. పిదప 2022లో ఇస్తాంబులునందు, 2023లో ఢిల్లీయందు ప్రపంచ విజేతయైనది. 2024లో రాష్ట్ర పోలీసుశాఖలో డీఎస్పీ యైనది. అడుగకుండ నూరకున్నచో నామెను ఓడించువారును లేకుందురు, ఎఱుగువారును లేకుందురు.

మా సంగతియు జెప్పవలెను. మేము తండ్రిగారియొద్ద భారతము, వసుచరిత్రము చదివితిమి, బడి మెట్లెక్కలేదు. పెండ్లియైన పిదప నొక పాఠశాలలో దెలుగు చెప్పెదమని పోగా "సర్టిఫికేటేది?" యని పంపివేసిరి. మాకు రోషము వచ్చినది. మా వారికి నవ్వు వచ్చినది. వారే ఓపెన్ స్కూలు దరఖాస్తు తెచ్చియిచ్చిరి. పదునాలుగేండ్లు నిండినవా రెవ్వరైనను అందు బదవతరగతి పరీక్ష వ్రాయవచ్చును. పద్యములలో దడబడని మేము గణితమున రెండుమాఱులు తప్పితిమి, మూడవమాఱు గట్టెక్కితిమి. ఇప్పుడు సాయంకాలము పదునాఱుగురు పిల్లలు మా యరుగుపై దెలుగు చదువుచున్నారు. పిల్లవాడొకడు సంధి తానే విడదీసిన దినము మాకు గలుగు సంతోష మింతింత గాదు. అయినను రుసుము దీసికొనుట మానలేదు. ఉచితముగా జేయు పనిని లోకము పనిగా నెంచదు.

కావున నా పిల్లను పిలిచి యిట్లంటిమి: "ముందు పెద్దాసుపత్రికి బోయి, డ్యూటీ దిగు నర్సమ్మ నొకతెను బలుకరింపుము. రాత్రి డ్యూటీ యెట్లుండునో, మొదటి జీతమెంతయో, పదేండ్లకు నేమగుదురో యడుగుము. విన్న పిమ్మటను కోరిక నిలిచినచో నది నీ పనియే. సీటు వచ్చువఱకు మాత్రము చేట వదలకుము, అమ్మతో గలహింపకుము."

రెండు దినములు తిరిగి వచ్చి, "కాళ్లు పీకునట అత్తమ్మా, అయినను పోయెదను" అన్నది. మఱునాడు దీపాలవేళ తల్లియే వచ్చినది. చేతుల నింక తంబాకు వాసన పోలేదు. కార్డు మాట యెత్తలేదు. "దరఖాస్తుకు ఫోటోలెన్ని గావలెనమ్మా?" యని యడిగినది.